‘పేజీ లేదు’ అన్నదెవరు? వెబ్ సర్వర్‌లో 404 ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పాడవుతుంది

క్లుప్తంగా: లేని పేజీ అడిగినప్పుడు సర్వర్ పంపే జవాబులో రెండు భాగాలుంటాయి. ఒకటి మనిషి చదివే పేజీ. రెండోది బ్రౌజర్‌కూ సెర్చ్ ఇంజన్‌కూ వెళ్లే 404 అనే అంకె. పేజీని చూడముచ్చటగా మార్చే క్రమంలో చాలా సైట్లలో ఆ అంకె పోతోంది. పైగా ఈ జవాబు ఎప్పుడూ ఒకే చోటు నుంచి రాదు. ముందుండి రిక్వెస్ట్‌లను లోపలికి పంపే ప్రాక్సీ, వెబ్ అప్లికేషన్లను నడిపే అప్లికేషన్ సర్వర్, అందులోని అప్లికేషన్, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ వీటిలో ఏదైనా ఇవ్వొచ్చు. జావా ప్రపంచంలో ఎక్కువగా వాడే అప్లికేషన్ సర్వర్ అపాచీ టామ్‌క్యాట్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకుని ఈ వ్యవహారమంతా ఎలా నడుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

## 404 అంటే సర్వర్ పనిచేస్తున్నట్టే

సర్వర్ పూర్తిగా ఆగిపోతే 404 రాదు. కనెక్ట్ కాలేకపోయానని బ్రౌజరే చెబుతుంది, లేదా ముందున్న ప్రాక్సీ 502 (వెనుక సర్వర్ సరైన జవాబివ్వలేదు) ఇస్తుంది. 404 వచ్చిందంటే అవతల ఎవరో రిక్వెస్ట్ అందుకున్నారు, చదివారు, వెతికారు, దొరకలేదని చెప్పారు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమావళి హెచ్‌టీటీపీ లెక్కలో 4తో మొదలయ్యే కోడ్‌లు అడిగినవారి వైపు తప్పులు, 5తో మొదలయ్యేవి సర్వర్ వైపు తప్పులు. వినడానికి ఈ విభజన సూటిగానే ఉంటుంది. కానీ సర్వర్ వైపు పెద్ద తప్పు జరిగి కూడా 404గానే బయటపడే సందర్భాలు టామ్‌క్యాట్‌లో బోలెడు. అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

2022 జూన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9110 ప్రకారం 404కు రెండు అర్థాలున్నాయి. అడిగిన వనరు ప్రస్తుతం దొరకలేదన్నది మొదటిది. అలాంటిది ఉందని చెప్పడం సర్వర్‌కు ఇష్టం లేదన్నది రెండోది. ఈ రెండో అర్థాన్ని చాలామంది పట్టించుకోరు. కోడ్‌ను దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అనుమతి లేనివారు ప్రైవేట్ రిపాజిటరీ లింకు తెరిస్తే ‘ప్రవేశం లేదు’ అనే 403 రాదు, 404 వస్తుంది. 403 ఇస్తే ఆ పేరుతో ఏదో ఉందని ఒప్పుకున్నట్టవుతుంది కదా.

వెబ్ పుట్టిన యూరప్ పరిశోధనా సంస్థ సెర్న్‌లో 404 నంబరు గది పేరు మీదుగా ఈ కోడ్ పుట్టిందన్న కథ ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతుంటుంది. వెబ్ తొలినాళ్లలో దాని సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కాయో దాన్ని కొట్టిపారేశారు.

లేని పేజీల సమస్య మాత్రం కథ కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024 మేలో ప్రకటించింది. వికీపీడియా పేజీల్లో 54 శాతం కనీసం ఒక్క చచ్చిపోయిన లింకునైనా మూలాల జాబితాలో మోస్తున్నాయని అదే అధ్యయనం చెప్పింది. అంటే 404 ఇవ్వడం అరుదుగా జరిగే పని కాదు. ప్రతి సర్వర్ రోజూ చేసే పనుల్లో అదొకటి.

## టామ్‌క్యాట్ లోపల రిక్వెస్ట్ ప్రయాణం

టామ్‌క్యాట్‌కు ఒక అడ్రస్ అందగానే ముందు డొమైన్ పేరును బట్టి హోస్ట్‌ను ఎంచుకుంటుంది. ఆ తర్వాత అడ్రస్ మొదటి భాగాన్ని చూసి అది ఏ అప్లికేషన్‌కు చెందిందో తేల్చుకుంటుంది. వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో ‘ఆఫీస్’ అనే వార్ ఫైల్ (జావా వెబ్ అప్లికేషన్ మూట) పెడితే ‘/ఆఫీస్’తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ దానికి వెళ్తాయి. ఏ పేరూ సరిపోకపోతే ‘రూట్’ అనే డిఫాల్ట్ అప్లికేషన్‌కు పోతాయి. అప్లికేషన్ లోపలికి వచ్చాక సర్వ్‌లెట్ మ్యాపింగ్‌ల వంతు, అంటే ఏ అడ్రస్‌కు ఏ సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే జావా కోడ్) అన్న పట్టికది. అచ్చంగా సరిపోయే అడ్రస్ ముందు, ఆ తర్వాత పొడవైన ప్రిఫిక్స్, ఆ తర్వాత ఫైల్ ఎక్స్‌టెన్షన్. ఏదీ కుదరకపోతే డిఫాల్ట్ సర్వ్‌లెట్ రంగంలోకి దిగి ఆ పేరుతో ఫైలేమైనా ఉందేమో వెతుకుతుంది. అదీ లేకపోతే 404.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అప్లికేషన్ స్టార్ట్ కాకపోతే టామ్‌క్యాట్ దాన్ని తన మ్యాపింగ్ పట్టికలోకి ఎక్కించదు. డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పు కావచ్చు, ఒక జార్ ఫైల్ (జావా కోడ్ మూట) తక్కువ కావచ్చు, కారణం ఏదైనా సరే. అప్పుడు ‘/ఆఫీస్’ కోసం వచ్చిన రిక్వెస్ట్ రూట్ అప్లికేషన్‌కు చేరుతుంది. దానికి ఈ ఆఫీస్ సంగతే తెలియదు కాబట్టి నిజాయితీగా 404 ఇస్తుంది. ఒక కొట్టు షట్టర్ తెరుచుకోకపోతే పక్క కొట్టాయన ‘అలాంటి సరుకు ఇక్కడ లేదండీ’ అన్నట్టు ఉంటుంది. జరిగింది సర్వర్ వైపు వైఫల్యం, బయటికి కనిపించింది అడ్రస్ తప్పన్న సందేశం. ఇలాంటప్పుడు అడ్రస్‌ను పదిసార్లు సరిచూసుకున్నా ఒరిగేది లేదు. ‘లిజనర్లు స్టార్ట్ కాలేదు’ లాంటి లైను ఒకటి టామ్‌క్యాట్ లాగ్స్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. అసలు కారణం ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకునేవారికి టామ్‌క్యాట్ 404 పేజీ బాగా పరిచయం. కొన్నేళ్లుగా దానికి మరో కారణం తోడైంది. జావా ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫామ్ ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వచ్చాక ‘జావాఎక్స్’ అనే ప్యాకేజీ పేర్లను ‘జకార్తా’గా మార్చారు. టామ్‌క్యాట్ 9 వరకు పాత పేర్లు, 10 నుంచి కొత్త పేర్లు. పాత ట్యుటోరియల్ చూసి ‘జావాఎక్స్’ పేర్లతో రాసిన సర్వ్‌లెట్‌ను టామ్‌క్యాట్ 10లో పెడితే దాని మీద అడ్రస్ చెప్పే యానొటేషన్ గుర్తును సర్వర్ పట్టించుకోదు. గట్టిగా ఎర్రర్ కూడా ఇవ్వదు. కోడ్ కంపైల్ అవుతుంది, సర్వర్ స్టార్ట్ అవుతుంది, పేజీ మాత్రం 404. తప్పు చేసినవారికి తప్పెక్కడుందో చెప్పని ఎర్రర్ ఇది. నేర్చుకునేవారికి టెన్షన్ పెట్టే విషయాల్లో దీనికి ముందు వరుసలోనే చోటు దక్కుతుంది.

పెద్దక్షరాలు, చిన్నక్షరాల సమస్య పాతదే. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫైల్‌ను నేరుగా తెరిస్తే ఇంగ్లిష్ పేర్ల విషయంలో ఆ తేడా పట్టింపు లేదు, లినక్స్ సర్వర్‌లో ఉంది. ల్యాప్‌టాప్‌లో కనబడిన లోగో సర్వర్‌కు ఎక్కించాక మాయమైందంటే ముందు చూడాల్సింది అదే.

## సొంత ఎర్రర్ పేజీ: ఫార్వర్డ్ వేరు, రీడైరెక్ట్ వేరు

టామ్‌క్యాట్ సొంతంగా చూపే 404 పేజీ మామూలు పాఠకుడికి అర్థం కాదు. పైగా అడుగున సర్వర్ పేరు, వెర్షన్ కూడా చూపిస్తుంది. దాని బదులు సంస్థ తన పేజీని పెట్టుకునే వీలు సర్వ్‌లెట్ ప్రమాణంలో 1999 నాటి 2.2 వెర్షన్ నుంచే ఉంది. అప్లికేషన్ సెట్టింగులుండే వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో ‘ఎర్రర్-పేజ్’ అనే ట్యాగ్ రాసి, అందులో 404 అనే కోడ్, స్లాష్‌తో మొదలయ్యే పేజీ అడ్రస్ ఇస్తే చాలు.

పని చిన్నదే కానీ అది నడిచే తీరు తెలియకపోతే చిక్కులొస్తాయి. సర్వ్‌లెట్ ‘సెండ్‌ఎర్రర్’ అని పిలిచినప్పుడు టామ్‌క్యాట్ ఈ పట్టిక చూసి అదే రిక్వెస్ట్‌ను లోపల్లోపలే ఎర్రర్ పేజీకి ఫార్వర్డ్ చేస్తుంది. బ్రౌజర్‌కు ఈ మలుపు తెలియదు. అడ్రస్ బార్‌లో అడిగిన అడ్రస్సే ఉంటుంది, స్టేటస్ 404గానే వెళ్తుంది. ఏ అడ్రస్ కోసం వచ్చారో ఎర్రర్ పేజీ తెలుసుకోవడానికి రిక్వెస్ట్‌లోనే కొన్ని యాట్రిబ్యూట్లు (వెంట వచ్చే వివరాలు) దొరుకుతాయి. రీడైరెక్ట్ అయితే వేరు. బ్రౌజర్‌కు ముందు 302, అంటే వేరే అడ్రస్‌కు వెళ్లమన్న కోడ్, వెళ్లి, అది రెండో అడ్రస్‌ను మళ్లీ అడుగుతుంది. మొదటి జవాబులో 404 ఉండదు.

ఫార్వర్డ్ పద్ధతే సరైనది, అయితే దాని వెంట కొన్ని పర్యవసానాలు వస్తాయి. ఎర్రర్ పేజీలో స్టైల్ ఫైల్‌ను ‘స్టైల్స్/మెయిన్’ అని సాపేక్షంగా (ముందు స్లాష్ లేకుండా) రాస్తే, బ్రౌజర్ దాన్ని తప్పు అడ్రస్ ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. దాంతో హోమ్‌పేజీ స్థాయిలో బాగానే కనిపించిన ఎర్రర్ పేజీ, లోతైన అడ్రస్‌లలో రంగూ రూపూ లేకుండా కనిపిస్తుంది. ఒక్కో స్టైల్ ఫైలూ బొమ్మా కూడా మళ్లీ 404లే పుట్టిస్తాయి. సైట్ మూలం నుంచి పూర్తి దారి రాయడమే దీనికి మందు.

‘సెండ్‌ఎర్రర్’ బదులు ‘సెట్‌స్టేటస్’ అని రాస్తే కోడ్ 404గా వెళ్తుంది కానీ ఎర్రర్ పేజీ రాదు. జవాబులో కొంత భాగం అప్పటికే బ్రౌజర్‌కు పంపేసి ఉంటే ‘సెండ్‌ఎర్రర్’ కూడా పనిచేయదు, ఎక్సెప్షన్ వస్తుంది. లాగిన్, భాష లాంటి వాటికోసం రాసిన ఫిల్టర్లు (రిక్వెస్ట్‌ను ముందే పట్టి చూసే కోడ్) మామూలుగా ఎర్రర్ ఫార్వర్డ్‌ల మీద నడవవు. నడవాలంటే ఫిల్టర్ మ్యాపింగ్‌లో ‘ఎర్రర్’ డిస్పాచర్‌ను విడిగా చేర్చాలి. లాగిన్ అయిన మనిషికి ఎర్రర్ పేజీలో మాత్రం ‘లాగిన్ అవ్వండి’ అని కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఈ ఫార్వర్డ్ వల్ల భద్రతా లోపం కూడా ఒకటి బయటపడింది. అప్పటి ప్రమాణం ప్రకారం ఎర్రర్ పేజీకి అసలు రిక్వెస్ట్ పద్ధతితోనే, అంటే గెట్ (చదవడం) అయితే గెట్, డిలీట్ (చెరపడం) అయితే డిలీట్‌గానే ఫార్వర్డ్ వెళ్లేది. స్టాటిక్ ఫైల్ అయితే పద్ధతి ఏదైనా డిఫాల్ట్ సర్వ్‌లెట్ దాన్ని చదివి ఇవ్వడమే చేయాలి. టామ్‌క్యాట్ అలా చేయలేదు. డిఫాల్ట్ సర్వ్‌లెట్‌కు రాసే అనుమతి ఇచ్చి ఉంటే, లేని అడ్రస్‌కు డిలీట్ రిక్వెస్ట్ పంపి ఎర్రర్ పేజీనే చెరిపేసే అవకాశం ఉండేది. 2017లో సీవీఈ-2017-5664 అనే భద్రతా లోపాల జాబితా నంబరుతో దీన్ని ప్రకటించి సరిచేశారు.

అప్లికేషన్‌లో రాసిన ఎర్రర్ పేజీ ఆ అప్లికేషన్ నడుస్తున్నంతసేపే పనికొస్తుందన్నది ఇంకో పరిమితి. అప్లికేషన్ స్టార్ట్ కాని సందర్భాలకు ‘ఎర్రర్‌రిపోర్ట్‌వాల్వ్’ అనే భాగాన్ని సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో సర్దాలి. సర్వర్ వెర్షన్ చూపకుండా ఆపడం, కోడ్‌ల వారీగా ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ ఇవ్వడం అందులో వీలవుతాయి.

## అంకె పోయే చోట్లు

పేజీ కనిపిస్తోంది కదా, కోడ్ ఏదైతేనేం అన్న ధోరణి చాలా ప్రాజెక్టుల్లో ఉంది. టామ్‌క్యాట్‌కు వేరైన అపాచీ వెబ్ సర్వర్‌లో ‘ఎర్రర్‌డాక్యుమెంట్’ అనే ఆదేశానికి స్లాష్‌తో మొదలయ్యే లోపలి దారి ఇస్తే 404 నిలుస్తుంది. హెచ్‌టీటీపీతో మొదలయ్యే పూర్తి అడ్రస్ ఇస్తే, అది అదే సైట్‌దైనా సరే, సర్వర్ రీడైరెక్ట్ పంపుతుంది, 404 పోతుంది. అపాచీ డాక్యుమెంటేషన్‌లో దీని గురించి హెచ్చరిక ఉంది. అయినా ఈ పొరపాటు మళ్లీ మళ్లీ కనబడుతూనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ‘కస్టమ్ఎర్రర్స్’ సెట్టింగ్ మామూలుగా చేసేదీ రీడైరెక్టే. ‘రెస్పాన్స్‌రీరైట్’ అని విడిగా చెబితేనే రీడైరెక్ట్ లేకుండా అదే అడ్రస్ మీద జవాబు వెళ్తుంది.

ఇలా ‘లేదు’ అని రాసి ఉన్నా 200 (అంతా సరిగ్గా ఉంది) అనే కోడ్‌తో వచ్చే పేజీలను గూగుల్ సాఫ్ట్ 404 అంటుంది. లేని పేజీలన్నిటినీ హోమ్‌పేజీకి మళ్లించడాన్ని కూడా అదే లెక్కలో వేస్తుంది. మనిషికి కూడా ఇది చిరాకే. ఫలానా నోటిఫికేషన్ కోసం నొక్కితే హోమ్‌పేజీ తెరుచుకుంటుంది. లింకు పోయిందో తానే తప్పు నొక్కాడో అతనికి తెలియదు. మామూలు 404ల వల్ల సైట్‌లోని మిగతా పేజీల ర్యాంకింగ్ దెబ్బతినదని గూగుల్ చెబుతూ వచ్చింది. వాటిని దాచాలన్న తొందర అందుకే అర్థం లేనిది.

రియాక్ట్, యాంగ్యులర్ లాంటి జావాస్క్రిప్ట్ సాధనాలతో కట్టే ఒకే పేజీ అప్లికేషన్లలో ఈ సమస్య సహజంగానే పుడుతుంది. అక్కడ అడ్రస్‌లను అర్థం చేసుకునేది బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్. సర్వర్ ఏ అడ్రస్‌కైనా ఇండెక్స్ పేజీనే ఇవ్వాలి. ప్రాక్సీగానూ వాడే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ‘ట్రై_ఫైల్స్’ అనే ఒక్క లైనుతో ఆ పని జరిగిపోతుంది. దాంతో సర్వర్ దృష్టిలో లేని పేజీ అనేదే ఉండదు, అన్నీ 200. కొత్త వెర్షన్ ఎక్కించిన రోజున దీని అసలు ముఖం కనిపిస్తుంది. పాత ట్యాబ్ తెరిచి ఉంచినవారి బ్రౌజర్ పాత పేరున్న జావాస్క్రిప్ట్ ఫైల్ అడుగుతుంది. ఆ ఫైల్ సర్వర్‌లో లేదు. 404 రావాల్సిన చోట 200తో హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ వస్తుంది. బ్రౌజర్ దాన్ని స్క్రిప్ట్‌గా నడపలేక ఫైల్ రకం సరిపోలేదని మొరాయిస్తుంది, స్క్రీన్ తెల్లగా ఉండిపోతుంది. ఫైళ్ల ఫోల్డర్‌కు మాత్రం ఈ మళ్లింపు వర్తించకుండా చేసి, అక్కడ నికార్సైన 404 ఇస్తే సమస్య కనీసం లాగ్‌లో కనబడుతుంది.

దీనికి అద్దం పట్టినట్టు ఇంకో వైపు తప్పూ ఉంది. టామ్‌క్యాట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్‌ను పెట్టి ‘ప్రాక్సీ_ఇంటర్‌సెప్ట్_ఎర్రర్స్’ ఆన్ చేస్తే, వెనుక నుంచి వచ్చే 404లకు బదులు ఎన్‌జిన్‌ఎక్స్ తన ఎర్రర్ పేజీ ఇవ్వగలదు. డిఫాల్ట్‌గా ఇది ఆఫ్‌లో ఉంటుంది. సైట్ మొత్తానికి ఆన్ చేస్తే ప్రోగ్రామ్‌లు డేటా అడిగే ఏపీఐలూ దాని కిందికి వస్తాయి. ‘ఈ నంబరుతో ఆర్డర్ లేదు’ అని జేసన్ అనే డేటా రూపంలో వచ్చిన 404ను తీసేసి అందమైన హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ పెడుతుంది. మొబైల్ యాప్ దాన్ని జేసన్ అనుకుని చదవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ ఈ తేడాను ముందే ఊహించింది. అడిగింది బ్రౌజర్ అయితే హెచ్‌టీఎమ్‌ఎల్, లేకపోతే జేసన్ ఇస్తుంది. ఆ తెలివిని ముందున్న ప్రాక్సీ చెరిపేయకుండా చూసుకోవడం కాన్ఫిగరేషన్ రాసేవారి పని.

## తెలుగు అడ్రస్‌ల తిప్పలు

తెలుగు పేర్లతో ఉండే అడ్రస్‌లకు 404 ప్రమాదం కొంచెం ఎక్కువే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు, అడ్రస్‌లో ఒక్కో బైట్‌కు శాతం గుర్తుతో కలిపి మూడు క్యారెక్టర్లు పడతాయి. ‘తెలుగు’ అనే మూడక్షరాల మాటలో అచ్చులూ హల్లులూ కలిపి ఆరు కోడ్‌లు, అడ్రస్‌లో 54 క్యారెక్టర్లు. మెసేజ్‌లలో ఇంత పొడవు లింకు మధ్యలో తెగితే మిగిలిన ముక్క లేని పేజీకి దారి తీస్తుంది.

టామ్‌క్యాట్ 7 వరకు అడ్రస్‌లను పశ్చిమ యూరప్ భాషల ఐఎస్‌ఓ-8859-1 పద్ధతిలో చదివేది. తెలుగు అడ్రస్ అందులో వేరే అక్షరాల గుంపుగా మారి ఏ పేజీకీ సరిపోయేది కాదు. రిక్వెస్ట్‌లు అందుకునే కనెక్టర్ సెట్టింగ్‌లో ‘యూఆర్‌ఐఎన్‌కోడింగ్’ను యూటీఎఫ్-8 అని రాస్తే బాగుపడేది. టామ్‌క్యాట్ 8 నుంచి అదే డిఫాల్ట్. పాత సర్వర్ల మీద నడిచే సైట్లలో ఈ లైను ఇంకా అవసరమే.

అంతకన్నా కనిపెట్టడం కష్టమైనవి కంటికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండేవి. ‘హైదరాబాద్’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఫైల్ పేర్లను ఇలా విడదీసి దాచేది. అక్కడి నుంచి సర్వర్‌కు వచ్చిన ఫైల్ పేరు విడిగా, లింకులోని పేరు కలిసి ఉంటే చూపులకు ఒకటే, సర్వర్‌కు రెండు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని విడగొట్టే గుర్తు ఒకటి పడుతుంది. కొందరు కీబోర్డులో దాన్ని కొడతారు, కొందరు కొట్టరు. పేజీలను దాచేటప్పుడూ వెతికేటప్పుడూ అడ్రస్‌ను ఒకే రూపానికి మార్చుకునే కోడ్ లేకపోతే ఈ 404లు ఆగవు.

ఎర్రర్ పేజీనే తెలుగులో రాస్తే ఇంకో మెలిక. జేఎస్‌పీ (జావాతో హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుచేసే) పేజీ మొదట్లో ఎన్‌కోడింగ్ చెప్పకపోతే డిఫాల్ట్ ఐఎస్‌ఓ-8859-1. ‘పేజీ దొరకలేదు’ అన్న వాక్యం పిచ్చి గీతలుగా వస్తుంది.

## 404, 410, 301: ఏది ఎప్పుడు

పేజీ కొత్త అడ్రస్‌కు మారితే 301 (శాశ్వతంగా మారింది) కోడ్‌తో అచ్చంగా ఆ పేజీకే పంపాలి. కావాలని శాశ్వతంగా తీసేస్తే 410. మిగతావన్నీ 404. సెర్చ్ విషయంలో 404కూ 410కీ ఆచరణలో పెద్ద తేడా ఉండదు కాబట్టి అక్కడ తల పట్టుకోనక్కర్లేదు. ప్రమాణం ప్రకారం 404 జవాబును మధ్యలోని క్యాష్‌లు (తాత్కాలిక నిల్వలు) కొంతసేపు దాచుకోవచ్చు. ఫలితాల పేజీ విడుదలకు ముందే జనం రీఫ్రెష్ చేస్తూ కూర్చుంటే, విడుదలయ్యాక కూడా కొద్దిసేపు కొందరికి పాత 404 కనిపించవచ్చు. అలాంటి అడ్రస్‌ల 404లకు క్యాష్ వద్దని హెడర్‌లో చెప్పడం మేలు.

సెర్చ్ ఇంజన్లు ఏవి చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ సంగతి వేరు. అది 404 అయితే సైట్ అంతా చూడొచ్చని గూగుల్ అనుకుంటుంది. 5తో మొదలయ్యే ఎర్రర్ వస్తే చూడటం ఆపుతుంది.

ఎర్రర్ పేజీ తేలిగ్గా ఉండాల్సిన కారణం కూడా ఉంది. ఇంటర్నెట్‌లో తిరిగే స్కానర్లు వర్డ్‌ప్రెస్ లాగిన్, డేటాబేస్ అడ్మిన్ పేజీల పేర్లతో ప్రతి సర్వర్ తలుపూ తడతాయి. అది జావా సర్వరా మరోటా అని చూడవు. ఒక్కో 404కు డేటాబేస్‌లో వెతికి ‘మీరు వీటి కోసం చూస్తున్నారా’ అని జాబితా కట్టే పేజీ అయితే, అలా తట్టి చూసే రిక్వెస్ట్‌లే సర్వర్‌ను కుంగదీస్తాయి. అడిగిన అడ్రస్‌ను శుద్ధి చేయకుండా పేజీలో తిరిగి చూపిస్తే, లింకులో స్క్రిప్ట్ దూర్చి నడిపించే దాడికి దారి ఇచ్చినట్టే.

## ఏ పొర జవాబిచ్చిందో తేల్చే తీరు

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో, లేదా కర్ల్ లాంటి కమాండ్‌తో మూడు చూడాలి: మొదటి జవాబు కోడ్, మధ్యలో రీడైరెక్ట్ ఉందా, జవాబు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో వచ్చిందా జేసన్‌లోనా. ఆ తర్వాత లాగ్‌లు. రిక్వెస్ట్ ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌లో ఉండి టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్‌లో లేకపోతే 404 ముందు పొరదే, ప్రాక్సీ దారి రాసిన తీరు చూడాలి. రెండింటిలోనూ ఉండి, అప్లికేషన్ సొంత లాగ్‌లో ఏమీ లేకపోతే అప్లికేషన్ స్టార్ట్ అయ్యిందో లేదో, మ్యాపింగ్ కుదిరిందో లేదో చూడాలి. అప్లికేషన్ లాగ్‌లో కూడా కనిపిస్తే రిక్వెస్ట్ సరైన చోటికే వెళ్లింది, అడిగిన రికార్డే అక్కడ లేదు. ఏ లాగ్‌లోనూ లేకుండా ‘పేజీ లేదు’ అని స్క్రీన్ మీద కనిపిస్తుంటే, ఆ మాట అన్నది బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ కావచ్చు, దారి మధ్యలోని క్యాష్ కావచ్చు.